చుట్ట ముట్టని నోరు

మద్దిలపాలెం,
ఆదివారం

అప్పలసూరి బావకు,

మీ మేనల్లుడి పెళ్లి భోజనాల దగ్గర నలుగురి ముందూ అక్క గురించి నువ్వన్న మాట నాకు చేరింది. "సాటుగా అడ్డసుట్ట కాలస్తంది గావాల. నేపోతే ఈ వయసుకి పళ్లు ఊగడమేటి?"

అక్క చుట్ట ముట్టలేదు. రోజూ ఆమె నోరు వాసన చూసే నీకే అది బాగా తెలుసు. అక్కని చూపిస్తే పళ్ల డాక్టరమ్మ మొదట అడిగింది చుట్ట గురించి కాదు, మా అమ్మ గురించి. అమ్మకి నలభై దాటకుండానే పళ్లు ఊడితే చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ వల్లే అన్నాం అందరం. పొగ తోడయ్యే ఉంటుంది. మరి బీడీ కూడా ఎరగని అమ్మ తమ్ముడికి ఎందుకు ఊడాయి? చిగుళ్ల జబ్బు తొందరగా పట్టే గుణం కొన్ని కుటుంబాల్లో రక్తంతోనే వస్తుందట. అక్క దవడ ఎముక ఇప్పటికే కరిగిపోయింది. ఆ పళ్లు ఇక నిలవవు.

పుట్టుకను నేరం చేసేవాళ్లతో ఇన్నేళ్లూ సభల్లో కొట్లాడాను. నా వాదం నీ గుమ్మం దాటి లోపలికి రాలేకపోయింది. తన తప్పు లేదని చూపించడానికి అక్క చిగుళ్లు చిట్లేలా ఉప్పుతో తోముకుంటే, ఆ రక్తాన్నే నువ్వు సాక్ష్యం చేశావు.

ఇప్పుడు నీ కూతురు హేమకీ చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. వెంటనే చూపిస్తే దాని పళ్లయినా మిగలొచ్చంది డాక్టరమ్మ. నేను తీసుకెళ్తానంటే అది నా చెయ్యి పట్టుకుంది. "వద్దు మావయ్యా. నానూ సుట్ట కాలస్తన్నానంటాడు నాన్న."

పంపుతావన్న నమ్మకం నాకు లేదు బావా. మొన్న మీ ఇంట్లో చూశాను. రక్తం రంగు నీకు కనబడకుండా హేమ కొళాయి పూర్తిగా తిప్పి ఉమ్ముతోంది.

నీ బావమరిది