తొమ్మిది టమాటా మొక్కలు, ఒక కిరసనాయిలు బకెట్టు

లెక్సింగ్టన్ ఆసుపత్రి, కెంటకీ
సోమవారం, జూలై 8, 1996

మరిది హోబర్ట్‌కు,

పొగాకు నీళ్ళకు చావని పురుగు లేదని రాశావు. ఉంది. నా టమాటాలను మేస్తున్న ఆ పచ్చ కొమ్ముపురుగు పొగాకు చేలలోనే పుట్టి పెరిగింది. ఆ విషం దానికి తల్లిపాలు. పైగా పొగాకు తెగులు టమాటాకు అంటుతుంది. నువ్వు రోజంతా పొగాకు నములుతూనే ఉంటావు కనుక, మొక్కను ముట్టుకునే ముందు చేతులు పాలతో కడుక్కో, ఆ తెగులు పాలకే చస్తుంది.

నా తుంటి అతికేదాకా ఆ తొమ్మిది మొక్కలూ నీ పూచీ. మా అమ్మమ్మ నాటి విత్తనం. పోయిన చలికాలం ఎలుకలు విత్తనాల డబ్బా ఖాళీ చేశాక మిగిలినవి అవే. అవి పోతే ఆ రకమే ఉండదు.

నీ వదిన,
అల్మీడా

తా.క. ఫోనులో నీకు వినబడదు. కళ్ళు బాగానే ఉన్నాయి కదా, రెండుసార్లు చదువు.

బుధవారం

వదినా,

పాలతో కడుక్కున్నాను. వీధిలో పిల్లులన్నీ నా వెంటే. కానీ మీ ఉత్తరం అందేలోపే పొగాకు నీళ్ళు చల్లేశాను. పురుగులు కులాసాగా వేలెడంత అయ్యాయి. రెండు మొక్కలకు ఈనెలే మిగిలాయి.

అంతకంటే ఘోరం, వాటి వీపుల మీద బియ్యపు గింజల్లా తెల్లటి గుడ్లు! పొదిగాయంటే జిల్లా అంతా మేసేస్తాయి. శనివారం పొద్దున్నే అన్నీ ఏరి కిరసనాయిల్లో ముంచేస్తాను. మీరు నిశ్చింతగా పడుకోండి.

విధేయుడు,
హోబర్ట్

తా.క. బకెట్టు మీదే. ఆ కొత్తది.

శుక్రవారం

హోబర్ట్, ముందా బకెట్టు దించు!

అవి గుడ్లు కావు, చిన్న కందిరీగల గూళ్ళు. పురుగు కొరకగానే టమాటా ఆకు ఒక వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకుని కందిరీగ వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు దాన్ని లోపలినుంచి తినేసి, వీపు మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఆ తెల్ల గింజలున్న పురుగు నడిచే శవం. మొక్క కేకేసి పిలిపించుకున్న సైన్యాన్ని ముంచేస్తానంటావా? అవి ఎగిరితేనే మిగతా ఏడు మొక్కలూ దక్కేది.

ఇది రేపు చేరుతుందో, సోమవారం చేరుతుందో!

నీ వదిన,
అల్మీడా

తా.క. నేను కందిరీగల కోసం ఏడుస్తున్నానని పక్క మంచం ఆవిడ నర్సుకు చెప్పింది. నాకు మత్తుమందు తగ్గించారు.

మంగళవారం

వదినా,

మీ ఉత్తరం నిన్న వచ్చింది.

శనివారం బకెట్టు పట్టుకుని మొక్కల ముందు నిలబడ్డాను. ఆదివారం చర్చి మానేసి మళ్ళీ నిలబడ్డాను. ఒక్క పురుగునూ ముట్టుకోలేకపోయాను. నాకు పురుగంటే భయం వదినా. యాభై ఏళ్ళు పొగాకు రైతునని మీసం తిప్పాను గానీ, చేలో చేత్తో పురుగులు ఏరే రోజుల్లో నా సాళ్ళు కూడా డెల్మర్ అన్నయ్యే ఏరిపెట్టేవాడు.

కందిరీగలు ఎగిరాయి. ఏడు మొక్కలు బతికాయి. ఒక పండు ఎర్రబడింది.

తలవంచుకుని,
హోబర్ట్

తా.క. చర్చిలో ఎవరికీ చెప్పకండి.

గురువారం

హోబర్ట్‌కు,

మీ అన్న మంచివాడే, కానీ ఒక్క పురుగునూ ఏరలేదు. అది కనబడితే కంచె ఎక్కేవాడు. మీ ఇద్దరి సాళ్ళూ ఏరింది నేను. నీకు చెప్పనని ఆయనకు మాటిచ్చాను. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇక చాల్లే.

ఆ ఎర్రబడ్డ పండు తినకు. గింజలు గ్లాసులోకి పిండి, కాసిని నీళ్ళు పోసి మూడు రోజులు ఉంచు. నురగ తేలాక కడిగి, పింగాణీ పళ్ళెంలో నీడన ఆరబెట్టు. కాగితం మీద వద్దు, అతుక్కుపోతాయి. ఎలుక పళ్ళు దిగని రేకు డబ్బా ఒకటి కొని, మూత బిగించి, నేను వచ్చేదాకా నీ మంచం కింద పెట్టుకో.

నీ వదిన,
అల్మీడా