బావకు పెట్టిన చుట్ట

బావా,

ఈ రోజు నీ తద్దినం. నీ విస్తరాకు దగ్గర ఒక మార్పు జరిగింది, చెప్పకపోతే అలుగుతావు.

మా అక్క అడ్డపొగ మానేసింది. గాలికి ఆరకుండా చుట్ట నిప్పును నోట్లో దాచుకుని నాట్లు వేయడం, మనవాళ్ళు కోస్తా నుంచి కర్ణాటకలోని ఈ సింధనూరు కాలువ కిందికి మోసుకొచ్చిన విద్య. వరికన్నా ముందు అదే నాటుకుంది ఇక్కడ. సరే, దారి తప్పాను. అంగిట్లో తెల్లమచ్చ చూసిన డాక్టరు, ఇంకా కాలిస్తే క్యాన్సరులోకి దిగుతుందన్నాడు.

ఆసుపత్రిలో వారం వారం పొగ మానదలచినవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని ఒకరి గోడు ఒకరు వింటారు. తర్వాత చుట్ట మీద యావ తగ్గడానికి నాలుక గొట్టంలా చుట్టించి గాలి పీల్పిస్తారు, చెవులు నొక్కుతారు. తోడు వెళ్ళిన నాకూ నొక్కారు.

"నోరు ఇంత చల్లగా ఉంటుందని ఇన్నేళ్ళకి తెలిసిందిరా" అంది అక్క. మచ్చ కూడా పలచబడింది.

చిక్కల్లా నీతోనే వచ్చింది. ఏటా నీ చుట్ట తనే ముట్టించి, రెండు దమ్ములు లాగి ఆకు పక్కన పెట్టేది కదా. ఆ సంగతి ఆసుపత్రిలో అందరి ముందూ చెప్పింది.

"పెట్టకపోతే ఆయన ఊరుకోడు. ముట్టిస్తే నేను ఆగలేను."

రైసుమిల్లు హమాలీ ఒకడు నవ్వాడు. "ముట్టియ్యకుండనే పెట్టు అవ్వా. తాగేటోనికి నిప్పు దొరకదా ఏంది?"

అక్క వారమంతా ఆలోచించింది. ఈ పూట గారెల పక్కన చుట్టను అలాగే పెట్టి, వాసన కూడా చూడకుండా చేతులు కడుక్కుంది.

అగ్గిపెట్టె నేను పెట్టాను బావా. ముట్టించుకోవడం నీ పని.