మూడో వరుసలో మోకాళ్లు

అక్కకు,

నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ మీ ఆరుగురూ, ఇంకా మొహం చూపించని ఆ ఏడో ప్రాణమూ క్షేమమని తలుస్తాను. ఇది అందరూ రాసే వాక్యమే. నేను మాత్రం ఈసారి ఆ ఏడో ప్రాణాన్ని తలుచుకునే రాశాను. నా సంగతంటావా, ఒంట్లో బాగానే ఉంది, మనసుకే శనివారం నుంచి ఒకటే వెగటు. ఎందుకో చివరికంటా చదివితే తెలుస్తుంది.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. అమ్మ భుజం నొప్పి ఎలా ఉంది, మీరు కొనబోతున్న ఏడు సీట్ల బండిలో మూడో వరుస పత్రికలో రాసినట్టే ఉందా, మా డిబేట్ ఫైనల్స్ ఏమయ్యాయి. మొదటిదానికి జవాబు: నొప్పి తగ్గింది, అమ్మ తగ్గలేదు. కుట్టు మిషను ముందు ఏకబిగిన గంటకు మించి కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. అందుకని గంటకొకసారి లేచి, గుక్కెడు నీళ్లు తాగి, మళ్లీ కూర్చుంటోంది. అదేమిటమ్మా అంటే, ఆయన చెప్పినట్టే చేస్తున్నానుగా అంటుంది. వాదనలో నన్ను ఓడించగల ఏకైక వ్యక్తి ఆవిడే. పైగా ఏనాడూ గొంతు పెంచదు. మూడో ప్రశ్నను కాసేపు పక్కన పెట్టనివ్వు. రెండోదానికి వస్తాను.

శనివారం ఉదయం అమ్మను వెంటబెట్టుకుని షోరూముకు వెళ్లాను. నేను రెండు పేజీల ప్రశ్నలు రాసుకుని బయలుదేరితే, అమ్మ మెడలో కొలతల టేపు వేసుకుని బయలుదేరింది. పరువు పోతుంది, తీసి ఇంట్లో పెట్టి రమ్మన్నాను.

"బండి కొలవాలన్నావుగా. దేంతో కొలుస్తావే, నోటితోనా?" అంది.

అద్దాల గోడలు, మొహం కనిపించే నేల, కొత్త ప్లాస్టిక్ కంపు మీద చల్లిన పూల సెంటు. పైన పటారం, లోన లొటారం అనే మాటకు ఎవరైనా భవనం కట్టదలిస్తే అచ్చం అలాగే కట్టాలి. మాకు బండి చూపించిన సేల్స్ కుర్రాడు ముప్ఫై రెండు పళ్లూ బయటపెట్టి ఎదురొచ్చాడు. మేము అక్కడున్న రెండు గంటల్లో ఒక్క పన్నయినా లోపలికి వెళ్లగా చూడలేదు. అతనికి మనసులోనే 'దంతవైభవం' అని పేరు పెట్టాను.

నేను పక్షపాతంతో మాట్లాడానని బావ అనకూడదు కనుక మంచి ముందు చెబుతాను. డ్రైవరు సీటు సింహాసనం. ఇంజను గొంతు చించుకోదు. ఇరుకు సందులో సైతం స్టీరింగు ఒంటిచేత్తో తిరుగుతుంది, వెనక్కి తీసేటప్పుడు తెరమీద దారి కనిపిస్తుంది. ముందు కూర్చున్న మీ మామగారికి రోడ్డంతా తనదే అనిపిస్తుంది. నడిమి వరుసలో మీ అత్తగారు, మీ మరిది, చంటాడి సీటు సుఖంగా పడతారు. ఈ బండిని కొనేవాడూ నడిపేవాడూ ఎక్కడ కూర్చుంటారో తయారుచేసినవాడికి బాగా తెలుసు. వాళ్లను సంతోషపెట్టడంలో అతను ఏ లోటూ చేయలేదు.

ఇక నీకు మిగిలిన మూడో వరుస. అక్కా, దాన్ని వరుస అనడం భాషకు చేసే ద్రోహం. సామాను పెట్టుకునే చోటులో రెండు దిండ్లు నిలబెట్టి, వాటికి తోలు తొడిగి, లెక్కలో రెండు సీట్లు కలిపేశారు. నేల ఎత్తుగా ఉండటంతో కూర్చోగానే మోకాళ్లు రొమ్ము దాకా వస్తాయి. రెండు పక్కలా చక్రాల మీది ఉబ్బు మోచేతులను లోపలికి నెడుతుంది. అద్దాలు తెరుచుకోవు. తలకూ వెనక అద్దానికీ మధ్య జానెడు దూరం. ఇంత ఇరుకులోనూ గ్లాసులు పెట్టుకోవడానికి నాలుగు గుంటలు మాత్రం శ్రద్ధగా అమర్చారు. గ్లాసు పెట్టుకునే చోటుంది, కాలు పెట్టుకునే చోటు లేదు. నన్ను అందులో కూర్చోబెట్టి రెండు వీధులు తిప్పారు. గతుకు వచ్చినప్పుడల్లా నా నెత్తి కప్పుకు తగిలింది, ముందునుంచి దంతవైభవం ఎంత హాయిగా ఉందో చూడండి మేడం అంటూనే ఉన్నాడు.

ఇది ఎవరి కోసమని అడిగాను. పిల్లల కోసమన్నాడు. అలాగైతే పిల్లల సీటు బిగించే కొక్కేలు ఇక్కడ లేవేమని అడిగాను. అవి నడిమి వరుసకే ఇచ్చారన్నాడు. పిల్లలు నడిమి వరుసలో ఉంటే ఇక్కడ కూర్చోవలసింది పెద్దలే కదా అన్నాను. పెద్దలకు కాస్త ఇబ్బందే, ఎప్పుడైనా తప్పనిసరైతే కూర్చోవచ్చన్నాడు. పిల్లలకు పనికిరాదు, పెద్దలకు పనికిరాదు, మరి ఆ రెండు సీట్లనూ అమ్మకంలో ఎందుకు లెక్కపెట్టారని నిలదీస్తే, నవ్వి కాఫీ తాగుతారా అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు. అయితే ఆ మాట నాకే తగులుతుందని అప్పటికింకా ఒప్పుకోలేదు నేను.

అప్పుడు అమ్మ కదిలింది. మెడలోంచి టేపు తీసి, లోపలికి వంగి కొలవడం మొదలుపెట్టింది. నీ బట్టలన్నీ కుట్టిన చేతులవి, నీ కొలతలు పుస్తకం చూడకుండా చెబుతాయి. నువ్వు కూర్చుంటే నడుం వెనకనుంచి మోకాలి దాకా ఇరవై రెండు అంగుళాలట. అక్కడున్నది పందొమ్మిది. నడిమి సీటును ముందుకు జరిపితే ఇరవై మూడు వస్తుంది, కానీ అప్పుడు మీ అత్తగారి కీళ్లనొప్పుల మోకాళ్లు ముందు సీటుకు కొట్టుకుంటాయి. అమ్మ తల బయటికి పెట్టి, టేపును పొట్ట మీదుగా పట్టుకుని చూపించింది.

"మా పెద్దదానికిప్పుడు అయిదో నెల. ఏడుకి ఇంత వదులు వదలాలి, తొమ్మిదికి ఇంత. దీంట్లో కూర్చుంటే దాని మోకాళ్లే దాని పొట్టకి ఆనతాయి. ఇది సీటు కాదు బాబూ, అటక."

అతను ఒక్క పన్నూ దాచకుండా, అమ్మగారూ మీరే ఒకసారి కూర్చుని చూడండి, అలవాటైతే ఏమీ ఉండదన్నాడు. సరేనని అమ్మ ఎక్కింది. చంటాడి సీటు కూడా బిగించి చూపించమని నేను పట్టుబట్టాను. పిల్లవాణ్ని రోడ్డువైపు దింపకూడదు కనుక కాలిబాట వైపే బిగించాలని చెప్పి, అటే బిగించాడు. తీరా చూస్తే, మూడో వరుసలోకి దారి ఇవ్వడానికి మడత పడే సీటు కూడా ఆ ఒక్క పక్కనే ఉంది. చంటాడి సీటు బిగించాక అది మడత పడదు. అంటే లోపలున్న మనిషి బయటికి రావాలంటే పిల్లవాణ్ని దించాలి, వాడి సీటు విప్పాలి, అప్పుడు మడవాలి. నీకు దారిలో వాంతి వచ్చినా అంతే, ఇంకేం జరిగినా అంతే.

అమ్మ లోపల ఇరుక్కుంది. అతను వెనక తలుపు ఎత్తి, పక్కనున్న సీటును పడుకోబెట్టి, అటునుంచి రమ్మన్నాడు. అరవై దగ్గరపడుతున్న మన అమ్మ, జీవితంలో ఎవరి ముందూ చీర చెంగు జారనివ్వని మనిషి, మోకాళ్ల మీద పాక్కుంటూ సామాను గుమ్మంలోంచి మూటలా దిగింది. అతను చప్పట్లు కొట్టినంత పనిచేసి, చూశారా మేడం, వెనకనుంచి కూడా దారి ఉంది అన్నాడు. అక్కా, నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. అతని మీద అనుకుంటున్నావు కదూ. కాసేపు నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. అమ్మ ఇంకా లోపల ఉండగానే జరిగింది. ఆవిడకు నమ్మకం కలిగించాలని దంతవైభవం బల్లమీది మోటారు పత్రిక తెచ్చి, ఇది మేం చెప్పింది కాదు, నిపుణుడు చెప్పింది అంటూ పైకి చదివాడు. నీకు కంఠతా వచ్చిన వాక్యమే. 'మూడో వరుసలో పెద్దలు సైతం కాళ్లు చాపుకుని, కథలు చెప్పుకుంటూ, దూరాలను దగ్గర చేసుకోవచ్చు.'

సీట్ల వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. "అది రాసినాయన ఇందులో కూర్చోలేదయ్యా. కూర్చున్నవాడైతే ముందు మోకాళ్ల సంగతి రాస్తాడు. ఈయన కథల సంగతి రాశాడు."

రాసినాయన కాదు అక్కా, నేనే.

'మా ప్రత్యేక పరిశీలకుడు' అన్న పేరు వెనక ఉన్నది నేను. మా డిబేటింగ్ క్లబ్బును ఫైనల్స్‌కు పంపే ఖర్చు ఆ షోరూము యజమాని పెట్టుకున్నాడు. ఆ పత్రికలో ప్రకటనలు వేసేదీ ఆయనే. మంచి కలం ఉన్నవాళ్లెవరైనా నాలుగు ముక్కలు రాసి ఇవ్వాలని క్లబ్బు కార్యదర్శి అడిగాడు. నేను పోటీపడి తీసుకున్నాను. లైబ్రరీలో కూర్చుని, రంగుల కరపత్రం ముందు పెట్టుకుని, గంటలో రాసేశాను. బండిని కళ్లతో చూడలేదు. ఏ పక్షం ఇచ్చినా గెలిపించగలనన్న పొగరు తప్ప ఆ గంటలో నా తలలో ఇంకేమీ లేదు. ఆ వాక్యం కుదిరినప్పుడు నాలో నేనే మురిసిపోయాను కూడా. నీ మూడో ప్రశ్నకు జవాబు ఇదే: ఫైనల్స్‌లో మొదటి రౌండులోనే ఓడిపోయాం. అమ్ముడుపోయినందుకు ఒక కప్పు కూడా మిగల్లేదు.

అచ్చయ్యాక మరిచిపోయాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ బావ ఆ పేరా చదివి, "చదువుకున్నవాళ్లు రాశారు. మా వాళ్లతో ప్రయాణం ఇష్టం లేదని చెప్పు, మోకాళ్ల సాకు ఎందుకు" అన్నాడనీ, నువ్వు జవాబు చెప్పక పళ్లేలు తీసుకుని లేచావనీ రాశావు. కింద ఆ వాక్యం మొత్తం నీ గుండ్రటి అక్షరాలతో దించి, ఇది నిజమేనా, నేనే మొండికేస్తున్నానా అని అడిగావు. నా అబద్ధాన్ని నీ చేతిరాతలో చదివాను. నిన్ను ఆ బల్ల దగ్గర నోరు మూయించింది బావ కాదు, నేను.

అందుకే షోరూముకు పరుగెత్తాను. బండిని పరీక్షించడానికన్నట్టు పైన రాశాను, అదీ అబద్ధమే. నేను రాసింది పొరపాటున నిజమై ఉంటుందేమో, నిజమైతే ఎవరికీ చెప్పనక్కర్లేదేమో అన్న ఆశతో వెళ్లాను. అమ్మ టేపు ఆ ఆశను మూడు అంగుళాలతో తెంపేసింది.

బస్టాపులో అమ్మకు చెప్పాను. టేపును వేలికి చుట్టుకుంటూ విన్నది. తిడుతుందనుకున్నాను, తిడితే వాదించేదాన్ని.

"కొలత తీయకుండా కత్తెర వేశావు కదే," అంది. అంతే. ఇంటికొచ్చాక కాగితాలు తెచ్చి నా ముందు పెట్టి, తన పనిలోకి వెళ్లిపోయింది.

ఆ పేరా అబద్ధమని పత్రిక సంపాదకుడికి రాశాను. ఆ శీర్షిక ఎలాంటిదో పాఠకులకు తెలుసు, కంగారుపడవద్దని ఫోనులో నవ్వాడు. కార్యదర్శి అయితే వచ్చే ఏడాది ప్రయాణాన్ని చెడగొడుతున్నానని మండిపడ్డాడు. న్యాయం, నైతికత అంటూ వేదికలెక్కి మేమందరం కలిసి ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నామో తలుచుకుంటే నోరు చేదెక్కుతోంది. నేను క్లబ్బు మానేశాను. అది గొప్ప త్యాగమని అనుకోకు, మైకు ముందు నిలబడితే నా గొంతు నాకే రోతగా ఉంది, అంతే.

నువ్వు అడిగిందానికి సూటిగా జవాబు: లేదు, నువ్వు మొండికేయడం లేదు. నీకున్న ఇరవై రెండు అంగుళాలను పందొమ్మిదిలో సర్దుకోమన్నారు, నువ్వు పట్టనన్నావు.

ఈ ఉత్తరాన్ని ఎవరికైనా చూపించే బరువు నీ మీద పెట్టను. బావకు వేరే రాశాను, నా పేరుతో, పై సంగతులన్నీ దాచకుండా. నీకంటే ముందే ఆయనకు అందాలని దాన్ని నిన్ననే పోస్టు చేశాను. శుక్రవారం మామగారు బండి బుక్ చేయడానికి వెళతారని రాశావు, అది అందాక బావకు ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంటుంది. బావను కొనవద్దని అడగలేదు. తనదాకా వస్తే గానీ తత్వం బోధపడదు కనుక, ఒక్కటే అడిగాను: చంటాడి సీటు బిగించి, మీ మరిదిని నడపనిచ్చి, తనను మూడో వరుసలో ఒక గంట కూర్చోమన్నాను. ఆ తర్వాత ఏం కొన్నా నాకు అభ్యంతరం లేదని రాశాను.

నన్ను 'ప్లీడరమ్మా' అని ఏడిపించే మనిషి ఇకమీద ఏమని పిలుస్తాడో తెలియదు. నా గడప తొక్కవద్దన్నా అనవచ్చు. అలా అన్నా, నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడకు. నీ ఒంటికేం కావాలో అది మాత్రం గట్టిగా మాట్లాడు, పళ్లేలు తీసుకుని లేవకు. ఆ బల్ల దగ్గర నీకు ఎదురు చెప్పిన సాక్షి తన మాట వెనక్కి తీసుకుంది.

ఇట్లు,
నిన్ను చూడకుండా, నీ చోటు చూడకుండా, నిన్ను ఆ మూడో వరుసలో కూర్చోబెట్టిన
నీ చెల్లెలు