పట్టుపోగు పేరు పక్కన ఎర్ర అక్షరాలు

వాణమ్మా,

ఎట్లా ఉన్నావు తల్లీ? నువ్వు పోయి పది నెలలు దాటింది. ఇన్నాళ్లూ నీకు రాయాలని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. ఈరోజు మాత్రం సంతోషం పట్టలేక రాస్తున్నాను. నా రాత చూసి నవ్వేదానివి కదా... నవ్వుకో అమ్మా, కడుపునిండా నవ్వుకో.

నీ పేరు నీకు తిరిగి వచ్చేసింది! ఉండు, మొదటినుంచి చెప్తాను.

నువ్వు టైపింగు చేసిన ఇంటర్నెట్ సెంటరులో, పని లేనప్పుడు ఆడేదానివే ఆ ఆట... కోటలు కట్టుకుని ఒకరి మీద ఒకరు దండెత్తే ఆట. అందులో నీ పేరు పట్టుపోగు. ఆడుతూ ఒకరికొకరు రాసుకునే మాటలు బూతుల్లోకి దిగకుండా చూడమని, ఆడేవాళ్లే నిన్ను ఎన్నుకున్నారని చెప్పావు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. అప్పుడు నువ్వన్నావు, "వీధి కొళాయి కాడ బిందెలు పెట్టుకొని కొట్లాడతారు చూడు నాయనా, ఆడ గూడా అంతే. ఎవురో ఒకరు నిలబడి వరస చూడల్ల గదా? ఆ ఒకరు నేను."

అంతే, అర్థమైపోయింది. ధర్మవరంలో నేను నేసిన చీరల గురించి కూడా అంత గొప్పగా చెప్పుకోలేదమ్మా, మా బిడ్డ తగువులు తీరుస్తుందని వీధి వీధంతా చెప్పుకున్నాను.

తర్వాత ఆ పాడు జ్వరం... అది వద్దులే.

మగ్గం మీద చీర సగంలో ఉండగా మనిషి పోతే, పక్కన కూర్చున్నవాళ్లే దాన్ని పూర్తి చేస్తారు కదా మన ఇళ్లలో. పని ఆగిపోతే పోయినవాళ్ల మనసు అక్కడే చిక్కుకుంటుందని. సెంటరు పని లేని పూట నువ్వు నేస్తూ వచ్చిన చీరను, మగ్గం మీద నీ పక్కన కూర్చునే జతగత్తె రమణమ్మే పూర్తి చేసింది. మరి ఆటలో నీ పని? అది కూడా నీ పనే కదా? నీతో సెంటరుకు వస్తూ ఉండేది కాబట్టి నీ పాస్‌వర్డు తనకు తెలుసు. నీ పేరుతోనే లోపలికి పోయి, నువ్వు చూసినట్టే అందరి మాటలూ చూడసాగింది. మేమంతా మెచ్చుకున్నాం.

అక్కడ అది తప్పట. ఒకరి ఖాతా ఇంకొకరు ముట్టుకోకూడదట. రాసే తీరు మారిందని ఆడేవాళ్లకు అనుమానం వచ్చి ఫిర్యాదులు పెట్టారు. ఖాతాకు తాళం పడింది. పట్టుపోగు పక్కన ఎర్ర అక్షరాలు... మోసం చేసిన ఖాతా అని.

రమణమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. సెంటరు ఆయనతో ఆ కంపెనీకి ఎన్నిసార్లు రాయించినా ఒకటే జవాబు. ఖాతా ఎవరిదో వాళ్లే అడగాలట. నువ్వెట్లా అడుగుతావమ్మా? నిన్ను తెచ్చి వాళ్లకు ఎట్లా చూపించేది?

నువ్వు లేకపోవడం ఒక ఎత్తు. నిన్ను దొంగ అనడం... అది నేను ఓర్చుకోలేకపోయాను.

అప్పుడు ఆ ఆట ఆడే ఒకాయన, నువ్వెప్పుడో చెప్పిన సెంటరు పేరు పట్టుకుని, పెనుకొండ నుంచి బస్సెక్కి వచ్చాడు. పేరు బాషా, సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. బూతులు రాశాడని ఆటలో నువ్వు ఎక్కువసార్లు నోరు కట్టేసింది ఈయనదేనట! పట్టుపోగు మోసం చేసిందంటే నమ్మలేక, సంగతేమిటో కనుక్కోవడానికే వచ్చాడు. సెంటరు ఆయన మన ఇంటికి తీసుకొచ్చాడు. నువ్వు లేవని తెలిసి మగ్గం పక్కనే కూలబడిపోయాడు. మజ్జిగ తాగి, కాస్త తేరుకుని, నువ్వు తనకు రాసింది చెప్పాడు. "ఏమప్పా బాషా, సెల్లుల గొంతులు బాగుచేస్తావంట, నీ గొంతు యాడ బాగుచేయించుకుంటావు? పోయి టీ తాగి రా పో, వచ్చినాక మాట్లాడుదువు గానీ." చెప్తూ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. మీ అమ్మ కూడా. పది నెలల్లో మీ అమ్మ నవ్వడం అదే మొదలు.

రమణమ్మ జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన దాన్ని ఆటలో అందరికీ తెలిసేలా రాశాడు. మగ్గం సంగతి కూడా! ఇక చూడు... ఒక్కొక్కరే నీ గురించి రాయడం మొదలుపెట్టారు. హిందూపురంలో చదువుకునే ఒక అమ్మాయి, తనను ఏడిపించేవాణ్ణి నువ్వు ఆపబట్టే ఆట మానలేదని రాసింది. నీ చేత శిక్ష పడినవాళ్లూ రాశారు. ఫిర్యాదు పెట్టినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకుని, ఆ మనిషి మోసగత్తె కాదు, మేం ఎన్నుకున్న మనిషి అని కంపెనీ వెంటపడ్డారు. ఎవరమ్మా వీళ్లంతా? ఒక్కరి ముఖమైనా నువ్వు చూశావా?

నిన్న జవాబు వచ్చింది. ఖాతాలో ఇంకెవరూ ఆడకూడదట, నీ పేరు మాత్రం మునుపటిలాగే ఉంచుతారట. రమణమ్మ తన సొంత పేరుతో చేరింది, నీ పనికి ఈసారి తననే ఎన్నుకున్నారు!

ఈరోజు పొద్దున నేనూ మీ అమ్మా సెంటరుకు పోయాం. నాకు ఇంగ్లీషు రాదు కదా, రమణమ్మ నా వేలు పట్టి నీ పేరు మీద పెట్టింది. పక్కన ఎర్ర అక్షరాలు లేవు. ఏమీ లేదు తల్లీ, ఉత్త తెల్లని ఖాళీ... ఆ ఖాళీనే ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

ఇక ఎవరు అడిగినా తలెత్తుకుని చెప్తాను, పట్టుపోగు నా బిడ్డ అని.

నీ
నాయన