రెహానా వాక్యం మీద ఎర్ర క్లిప్పు

నవంబర్ 9, ఆదివారం

రేపే మొదలు. తాడేపల్లిగూడెం కాలేజీ సెమినార్ హాల్లో కుర్చీలు గుండ్రంగా వేయించాను. గోడ పొడుగునా తాడు కట్టాను. ఈ వారంలో చేపల చెరువుల లెక్కలకి ఒక ప్రమాణం తయారు కావాలి — ఏ ఊరి రైతు రాసినా, ఏ ల్యాబ్ వాళ్లు చదివినా ఒకే అర్థం రావాలి. ఒక్కో మాటకి నిర్వచనం రాసి, ఆ కాగితాన్ని తాడుకి తగిలిస్తాం. ఒప్పుకోనివాళ్లు దాని మీద ఎర్ర బట్టల క్లిప్పు పెట్టాలి. పేరు చెప్పక్కర్లేదు. సాయంత్రానికి క్లిప్పు పడని కాగితం నెగ్గినట్టు.

నడిపేది నేను. వసుంధర మేడమ్ క్లాసులో అందరి ముందూ చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు — శనివారం మీలో ఒకరికి ఈ ప్రమాణం రాతప్రతి అప్పగిస్తాం, ఇక మీదట దిద్దుబాట్లన్నీ ఆ చేత్తోనే.

సంపాదకుడు. పైకి అని చూసుకున్నాను. ఎంత బాగుందో.

నవంబర్ 10, సోమవారం

గణపవరం నుంచీ కొల్లేరు పక్క ఊళ్ల నుంచీ రైతులు వచ్చారు. 'చెరువు' అంటే ఏమిటన్న దగ్గరే మధ్యాహ్నమైంది. గట్టుతో కలిపా, గట్టు లోపలా? నేను అరపేజీ రాశాను. రెహానా లేచి, "నీళ్లు నిలిచిన మేరకే చెరువు" అంది. అయిపోయింది.

రెహానా మా క్లాసే. రోజూ ఏలూరు నుంచి రైల్లో వస్తుంది. వాళ్ల నాన్నగారు చెరువు మోటార్లు బాగుచేస్తారు. చిన్నప్పుడు ఆయన బండి వెనక కూర్చుని ఈ గట్లన్నీ తిరిగిందట. తన మాటలన్నీ అక్కడివి. నావి నిఘంటువులోవి.

ఒక్క ఎర్ర క్లిప్పూ పడలేదు. అందరూ "బాగుందండీ", "చాలా బాగుందండీ".

నవంబర్ 11, మంగళవారం

ఇవాళ 'చేపల మరణం'. నేను ముందే చెక్కి పెట్టుకున్నాను — 'నీటి లోపము చేత గాని, వ్యాధి చేత గాని, అన్య కారణముల చేత గాని ప్రాణము కోల్పోయిన మత్స్యముల సంఖ్య'. గణపవరం సూర్రావుగారు దగ్గరికెళ్లి చదివారు. "బాగుంది బాబూ. శుభలేఖలా ఉంది." హాలంతా నవ్వు. నేనూ నవ్వాను... నవ్వాల్సి వచ్చింది.

రెహానా రాసింది — 'చచ్చాక చేత్తో బయటికి తీసి లెక్కపెట్టిన చేపలు.'

అంతే. మేడమ్ కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివారు. "ఇదమ్మా వాక్యమంటే!"

నన్ను ఎప్పుడూ అలా అనలేదు. ఎన్ని వ్యాసాలు రాసిచ్చాను.

టీకి అందరూ బయటికెళ్లారు. హాల్లో ఎవరూ లేరు. రెహానా కాగితానికి ఎర్ర క్లిప్పు పెట్టాను. నాకు అభ్యంతరమేమీ లేదు. ఆ వాక్యంలో తీసేయడానికి ఒక్క మాట దొరకలేదు. అందుకే పెట్టాను.

నవంబర్ 12, బుధవారం

రెహానా అలుగుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అని కూడా... లేదు. క్లిప్పు చూసి, "పాపం, ఎవరో పైకి చెప్పలేక పెట్టారు. కనుక్కోవాలి" అంది.

భోజనాల దగ్గర మనిషి మనిషినీ అడిగింది. సూర్రావుగారి పక్కన కూర్చుంది.

"బాబాయ్‌గారూ, మీరేనా?"

"అబ్బే, నేనెందుకు పెడతానమ్మా. బాగుంది కదా."

"బాగుండడం సరేనండీ. మీ చెరువులో ఎలా రాస్తారు?"

ఆయన పెరుగన్నం కలపడం ఆపారు. "అడిగావు గనక చెబుతున్నానమ్మా. తెల్లారేసరికి గూడబాతులు వాలి ఎత్తుకుపోయినవి ఉంటాయి. అడుగున మునిగినవి ఉంటాయి. చేత్తో తీసిందే రాస్తే మా చెరువులో చావే లేనట్టు."

"మా దగ్గరా అంతేనండీ" అన్నారు ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు.

"మరి నిన్న బాగుందన్నారేంటి?"

"ఆడపిల్ల అంత ముచ్చటగా రాస్తే, మొహం మీద బాలేదని ఎలా అంటావమ్మా!"

నేను కంచం తీసుకుని లేచాను.

నవంబర్ 13, గురువారం

నెగ్గిన కాగితాలన్నీ తాడు మీంచి దించేశాం. ఒక్కోటీ పట్టుకుని ఒక్కొక్కరినీ విడిగా అడగడం. 'చెరువు' కూడా పోయింది — ఎండాకాలం నీళ్లు తగ్గితే చెరువు తగ్గుతుందా అండీ అని ఎవరో మెల్లగా అన్నారు. సోమవారం నాటి నా అరపేజీలో ఆ సంగతి రాశాను. ఎవరూ గుర్తుచేయలేదు.

మేడమ్ అన్నారు: "ఆ క్లిప్పు పడకపోతే మర్యాదకి ఒప్పుకున్నవన్నీ ప్రమాణమని పంపేసేవాళ్లం." అంటూ రెహానా భుజం తట్టారు. రెహానా భుజం!

నవంబర్ 14, శుక్రవారం

మరణానికి ఇప్పుడు రెండు గళ్లు. 'తీసినవి.' 'పోయాయనుకున్నవి.' రెండోదాని పక్కన, ఎందుకు అనుకున్నారో ఒక ముక్క. అదీ రెహానాదే. ముందుదాని కన్నా బాగుంది.

ఓర్వలేనితనం. అసూయ కన్నా ఈ మాట నిజం. అసూయ ఎక్కడో పుస్తకంలో కూర్చుంటుంది. ఇది మోస్తేనే తెలుస్తుంది.

నవంబర్ 15, శనివారం

రాతప్రతి ఎవరికి అప్పగిద్దాం అని మేడమ్ అడిగారు. "రెహానాకేనండీ" — అన్ని పక్కల నుంచీ. ఈసారి మర్యాదకి కాదు.

రెహానా లేచింది. "ఒక్కదాన్నే అయితే వద్దండీ. నేను ఏం రాసినా బాగుందంటారు. కాదనగలిగిన మనిషి పక్కన ఉండాలి. ఆ ఎర్ర క్లిప్పు పెట్టినవాళ్లు ఒప్పుకుంటే ఇద్దరం కలిసి చేస్తాం."

నడిపేవాణ్ని కదా, అడగాల్సింది నేనే. "ఎవరండీ?" అన్నాను. నా నోటితోనే.

ఎవరూ లేవలేదు. నా చెయ్యి ఒళ్లోనే ఉంది. మేడమ్ సోమవారం వరకూ చూద్దామన్నారు.

నవంబర్ 16, ఆదివారం

పెంటపాడులో, ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే సూర్రావుగారి ఫోను.

"బాబూ, ఆ అమ్మాయి పాపం అంత నోరు తెరిచి అడిగింది. ఎవరూ లేవకపోతే ఏం బాగుంటుంది? నేనే పెట్టానని చెప్పేస్తాను, ఏవంటావు?"

"మీరు పెట్టలేదు కదండీ!"

"పెట్టలేదనుకో. అయినా ఎవరో ఒకరు..."

సాయంత్రం వరకూ ఆగమన్నాను. ఎందుకన్నారు. ఆగండి చాలు అన్నాను.

క్లిప్పు పెట్టింది నేనే అంటే రెహానా సంతోషిస్తుంది. సంతోషించి, వెంటనే అడుగుతుంది — నీ అభ్యంతరం ఏమిటి? గూడబాతుల సంగతి అని చెప్పొచ్చు. నమ్ముతుంది. అలా చెబితే సంపాదకుణ్ని. నిజం చెప్పాలన్నా ఒక వాక్యం చాలు, తను రాసేలాంటిది, చిన్నది. పొద్దుటి నుంచీ రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. ప్రతిదీ పొడుగైపోతోంది. మళ్లీ సూర్రావుగారి ఫోను మోగుతోంది...