అంతోనివారి పండగ చారు

శౌరమ్మకి,

నా రాత కుదురుగా ఉండదు, తప్పులు కూడా పోతాయి, ఏమీ అనుకోకు.

నువ్వు కన్నుమూశాక వచ్చిన మొదటి అంతోనివారి పండగ నిన్న జరిగింది. ఏటా నువ్వు గుడి వెనక కూర్చుని వెల్లుల్లి ఒలిచేదానివి. మన కులపు చెయ్యి అంతవరకే, పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఈసారి కొత్త ఫాదర్ వంటంతా మన కోడలు తెరేజమ్మకు అప్పజెప్పారు. చారు నీ దగ్గర నేర్చుకున్నట్టే కాచింది.

పూజయ్యాక బంతి వేశారు. రెడ్ల వీధి ఇన్నారెడ్డిగారు విస్తరి ముందు నిలబడిపోయారు. ఆయన కూర్చోకపోతే వాళ్ల వీధిలో ఎవరూ కూర్చోరు.

తెరేజమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "కూర్చోండి తాతా, చారు చల్లారితే మళ్లీ నన్నే అంటారు" అంది.

ఆయన కూర్చున్నారు. నాలుగు ముద్దలు తిని, "ఏందే, ఉప్పు చానా తక్కువైంది" అన్నారు. అంటూనే ఇంకో రెండు గరిటెలు పోయించుకున్నారు. వాళ్ల వీధి వాళ్లంతా తిన్నారు.

వచ్చే ఏడు కూడా వంట తనదేనట. అంత పెద్ద గుండిగకు ఉప్పెంత పడుతుందని తెరేజమ్మ నన్నడిగింది. నాకు తెలియదన్నాను. నువ్వే చెప్పాలి. తొందరగా జవాబు రాయి.

నీ చిన్నప్ప