జోలపాట చాప్టర్

మార్చి 4

గైడ్ మేడమ్ మూడో చాప్టర్ తిప్పి పంపింది. బాగానే ఉందట, కానీ ఉప్పు లేని కూరట.

ఆఫ్రికా నుంచి ఓడల మీద చెదిరిపోయిన కుటుంబాల్లో ఆడవాళ్ళు ఎలా బతికారన్నది నా థీసిస్. రెండు దేశాల సంగతి లైబ్రరీలో కూర్చుని రాసేశాను. మూడోది ఇక్కడ, మన మధ్యే ఉన్న వాళ్ళ గురించి. నేనే వెళ్ళి వినాలి. తల్లి నుంచి కూతురికి దిగిన జోలపాట ఒక్కటి, పాత భాషలోది, దొరికితే చాప్టర్ నిలబడుతుందని మేడమ్ అంటుంది. నాలుగిళ్ళు తిరిగాను. అందరూ సినిమా పాటలే పాడారు. జూలైతో ఎక్స్‌టెన్షన్ అయిపోతుంది. ఇంకోటి ఇవ్వరు.

మార్చి 11

డ్రిల్ టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. రిటైరై చాలా కాలమైనా అందరూ ఇంకా అలాగే పిలుస్తారు. వాళ్ళ అమ్మమ్మకి అమ్మమ్మ ఓడ దిగిన మనిషి. టీచరమ్మ తెలుగు నాకంటే గడగడా మాట్లాడుతుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే పిల్లల్ని ఎండలో నిలబెట్టిన మనిషి ఇంకేం మాట్లాడుతుంది? అయినా నేను ఆశ్చర్యపోయాను. ఆమె కనిపెట్టేసింది. నోరు మూసుకో తల్లీ, ఈగలు దూరతాయి అంది.

పాటల గురించి అడిగాను. వాళ్ళమ్మకి పాడే తీరిక ఎక్కడిది, వీపు మీద ఒక్కటిచ్చి పడుకోబెట్టేదట. తర్వాత చిన్నప్పటి పరుగు పందెం ఏదో ఎత్తుకుంది. ఎత్తుకుంటే ఆగదే! రికార్డర్‌లో ఛార్జింగ్ తక్కువగా ఉంది. పాట గుర్తొస్తే అప్పటికి ఉండాలి కదా అని మెల్లగా ఆపేశాను. ఆపానని చెప్పలేదు. కళ్ళజోడు లేదు కాబట్టి ఎర్ర లైటు ఆరిపోవడం ఆమెకి కనిపించలేదు. ముందుకు వంగి, ప్రతి మాటా రికార్డర్‌కి అందాలన్నట్టు నిదానంగా, దానికే చెప్పింది. నేను ఊ కొడుతూ కిటికీలోంచి బస్సు కోసం చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక కాస్త సిగ్గేసింది. కాస్తే.

మార్చి 18

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అడిగాను. లేదంది. ఇంకెలా అడగాలో తెలియక ఏడుపొచ్చింది. నటన కాదు, నిజంగానే వచ్చింది. ఆపుకోవాలని మాత్రం చూడలేదు. టీచరమ్మ కంగారుపడిపోయింది. వీపు నిమిరింది, టీ పెట్టి ఇచ్చింది. కాసేపు గోడకేసి చూసి, కళ్ళు మూసుకుని పాడింది. నాలుగు లైన్లు. ఒక్క మాటా అర్థం కాలేదు. నాకు ఒళ్ళు జలదరించింది.

అయ్యాక కళ్ళు తెరిచి, సరిపోతుందా తల్లీ, ఇప్పుడే అల్లాను, నువ్వు ఉత్త చేతులతో పోతుంటే చూడలేక, అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఈసారి రికార్డర్ ఆన్‌లోనే ఉంది.

మార్చి 19

పాట ట్రాన్స్‌క్రిప్ట్ చేశాను. పాట అయ్యాక ఆమె అన్న మాట తీసేసి, నవ్వు అని రాశాను. అబద్ధమేం కాదు. నవ్వింది కదా.

మార్చి 28

పాట వరకే కత్తిరించి మేడమ్‌కి వినిపించాను. కళ్ళు తుడుచుకుంది. నా పని చూసి ఆవిడ ఏడవడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ ఆ పని నాదే.

ఏప్రిల్ 9

టీచరమ్మ ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఏప్రిల్ 10

మళ్ళీ చేసింది. సెమినార్ పనిలో ఊపిరాడట్లేదని మెసేజ్ పెట్టాను. అప్పుడు గోళ్ళు కత్తిరించుకుంటున్నాను.

మే 6

సెమినార్ అయింది. విదేశం నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చింది. ఆవిడ పూర్వీకులూ అలా ఓడల మీద తరలించబడ్డవాళ్ళే. పాట వినిపిస్తే హాలంతా చప్పట్లు. తర్వాత ఆవిడ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. వాళ్ళ అమ్మమ్మ పాటలన్నీ ఆ అమ్మమ్మతోనే పోయాయట. ఎక్కడో ఒక్కటైనా మిగిలిందంటే చాలట. పాడిన మనిషికి తన దండాలు చెప్పమంది.

తల కొట్టేసినట్టయింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంతలో గ్రూప్ ఫొటోకి పిలిచారు. వెళ్ళి సరిగ్గా మధ్యలో నిలబడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టని ఊరికే అంటారనుకున్నాను. ఫొటోలో నా చెయ్యి నిజంగానే భుజం మీద ఉంది.

మే 7

టీచరమ్మ దగ్గరికి వెళ్ళాలి. మేడమ్‌కీ చెప్పాలి. రేపు.

మే 8

రేపు.

మే 23

టీచరమ్మ కూతురు ఫోన్ చేసింది. రైల్వే టికెట్ కౌంటర్లో పనిచేస్తుందట. అమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని చెప్పింది. రెండు వారాలవుతోందట. తన గొంతు తనకే వినిపిస్తూ ఉంటే మంచిదని డాక్టర్ అన్నాడట. ఇంట్లో ఎవరి దగ్గరా అమ్మ గొంతు లేదు, మీ దగ్గరుంది కదా, కాస్త తెచ్చిపెట్టండి అంది.

మే 24

టీచరమ్మ నన్ను గుర్తుపట్టింది. మొహం ఒక పక్కకి లాగేసింది.

కత్తిరించిన పాట ఫోన్‌లో ఉంది, పూర్తిది రికార్డర్‌లో ఉంది. రికార్డరే తీశాను. పాట అయింది. సరిపోతుందా తల్లీ, ఇప్పుడే అల్లాను అన్న మాటా వచ్చింది, ఆ నవ్వు గదంతా నిండింది. కూతురు కళ్ళు తుడుచుకుంటూ తనూ నవ్వింది. అమ్మ అంతేనండీ, ఎవరైనా ఏడిస్తే ఓర్చుకోలేదు అంది. సెమినార్ సంగతంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. అది మీ చదువు గొడవ, మీరే చూసుకోండి అంది.

తర్వాత, ఇది చాల్లెండి, ఆ పరుగు పందెం పెట్టండి అంది.

ఇంట్లో టీచరమ్మ ఆ కథ మొదలెట్టినప్పుడల్లా, అబ్బా మళ్ళీనా అని నోరు మూయించేవాళ్ళట. మొదలు తప్ప ఎవరూ వినలేదట. నేను మొదటిసారి వెళ్ళొచ్చిన రోజు, ఇన్నాళ్ళకి ఒకమ్మాయి చివరిదాకా వింది, అంతా ఆ మిషన్‌లో ఉంది, తీరిగ్గా మీరూ విందురుగాని అని కూతురితో చెప్పిందట. ఏప్రిల్‌లో నాకు ఫోన్ చేసింది కూడా అది అడగడానికే.

లేదన్నాను. ఎందుకు లేదంది. ఆపేశానన్నాను.

టీచరమ్మకి మాటే పోయింది, వినికిడి పోలేదు. నాకేసి చూడలేదు. నా చేతిలో ఉన్న రికార్డర్‌కేసి చూసింది.

మే 25

జరిగిందంతా రాసి, చాప్టర్ వెనక్కి తీసుకుంటున్నానని మేడమ్‌కి మెయిల్ పెట్టాను. తేలిగ్గా ఉంటుందనుకున్నాను. లేదు.

మే 26

పోనీ గుర్తున్నంత రాసివ్వండి, అమ్మకి చదివి వినిపిస్తాను అంది కూతురు. పొద్దుటినుంచీ కూర్చున్నాను.

ఆ రోజు వాన. ఎవరివో బూట్లు, పెద్దవైతే లోపల గుడ్డ కుక్కుకుంది. విజిల్ వేశారు.

గెలిచిందో లేదో నాకు తెలీదు.